కంప్యూటరు మేల్కొనునపుడు జరుగు చార్జి అప్పగింత

అనంతపురపు పీఠభూమిపై సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపున మాత్రమే వర్షము కురియును. ఆ కొంచెము వర్షమైనను ఏ నెలలో ఎంత పడినదో, ఏ సర్వే నంబరులో ఏ పైరు ఎండినదో వ్రాసి యుంచిన గ్రామమునకును, నోటిమాటగా చెప్పుకొను గ్రామమునకును గల భేదము కరవు వచ్చిన యేట తేటపడును. పంటల బీమా యడుగుటకైనను, కరవు సహాయము కోరుటకైనను పత్రమే సాక్ష్యము. పంచాయతీ సభ్యులలో ఈ సత్యము నెరుగనివారుండరు.

ఆ పత్రములలో పెక్కు నేడు కంప్యూటరులోనికి చేరినవి. 2019 అక్టోబరు 2 న గ్రామ సచివాలయములును, 2020 ఏప్రిల్ 24 న ఈ-గ్రామస్వరాజ్ అను జాతీయ వేదికయు ప్రారంభమైన పిదప పంచాయతీ ప్రణాళికలు, పద్దులు, చెల్లింపులు చాలవరకు యంత్రము ద్వారానే సాగుచున్నవి. త్రాగునీటి మోటారు బాగుచేసిన వానికి పైకము చెల్లింపవలెనన్నను ముందుగా కార్యాలయపు కంప్యూటరు మేల్కొనవలసినదే. మీట నొక్కినది మొదలు తెరపై మన పని కనబడువరకు పట్టు ఆ కొద్ది సమయములో లోపల ఏమి జరుగుచున్నది? ఒకనాడు అది జరుగక నిలిచిపోయినచో కారణమేమై యుండును? అందుకు మనము ముందుగా చేసికొనదగిన ఏర్పాటేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానములను మేము ఈ వ్యాసమున వివరింపబూనితిమి. కంప్యూటరు విద్య నేర్వని వారికి ఇది దూరపు విషయముగా తోచవచ్చును. కాని యంత్రములో జరుగునది మన గ్రామ కార్యాలయములలో చిరకాలముగా జరుగుచున్న చార్జి అప్పగింత వంటిదే.

ఇద్దరు ఉద్యోగులు

కంప్యూటరులో ఇద్దరు ఉద్యోగులున్నారని భావింపుడు. మొదటివాని పేరు ఫర్మ్‌వేర్. ఇది యంత్రపు ముఖ్య ఫలకముపై నున్న యొక చిన్న చిప్పులో, తయారుచేసిన సంస్థవారే వ్రాసి పెట్టిన ఆజ్ఞల సముదాయము. విద్యుత్తు పోయినను ఆ వ్రాత చెరగదు. మీట నొక్కిన వెంటనే మొట్టమొదట మేల్కొనునది ఇదియే. మెమరీ ఎంత యున్నది, అది సరిగా పనిచేయుచున్నదా, కీబోర్డు తగిలింపబడినదా, డిస్కు కలదా అని చుట్టివచ్చి చూచుట దీని మొదటి పని. పూర్వపు ఫర్మ్‌వేరును బయోస్ అనిరి. 1981 లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతో ఆ పేరు లోకమంతట ప్రచారమైనది. దాని స్థానమున వచ్చిన క్రొత్త పద్ధతిని యూ.ఈ.ఎఫ్.ఐ. అందురు. దానిని నిర్వహించుటకు 2005 లో పలు సంస్థలు కలిసి యొక సంఘముగా ఏర్పడినవి.

రెండవ ఉద్యోగి పేరు కెర్నెల్. ఆంగ్లమున ఈ మాటకు గింజ యని యర్థము. వేరుశనగ కాయను ఒలిచిన పొట్టు పైకి పోయి లోపలి విత్తు నిలుచునట్లు, విండోస్, లినక్సు మొదలైన ఏ వ్యవస్థనైనను ఒలిచి చూచినచో నడుమ నుండు విత్తు కెర్నెల్. మెమరీని పంచిపెట్టుట, డిస్కునందు వ్రాయుట, ఏ పని ముందు ఏ పని వెనుక అని నిర్ణయించుట దీని యధికారము. దినమంతయు యంత్రమును పాలించునది ఇదియే.

అయితే ఈ కెర్నెల్ డిస్కునందు నిద్రించుచుండును. ఫర్మ్‌వేర్ దానిని వెదకి, సాధారణముగా బూట్ లోడర్ అను మధ్యవర్తి సహాయముతో మెమరీలోనికి తెచ్చి, అధికారమును అప్పగించును. ఇచ్చట నొక చిక్కు గలదు. ఫర్మ్‌వేరును వ్రాసినవారు తైవానులోనో అమెరికాలోనో యుందురు. కెర్నెలును వ్రాసినవారు వేరుచోట, వేరు సంవత్సరమున వ్రాసియుందురు. ఒకరి ముఖ మొకరు చూచియుండరు. క్రొత్తగా చార్జి పుచ్చుకొను కెర్నెలునకు ఈ యంత్రమున ఎంత మెమరీ కలదో, అందేది ముట్టరాదో, ఏ సామాను ఎచ్చట నున్నదో ఏమియు తెలియదు. అడిగి తెలిసికొనుటకు వ్యవధి లేదు. కాబట్టి చెప్పవలసినదంతయు ఒక నిర్ణీతమైన రూపములో, నిర్ణీతమైన చోట, వ్రాతమూలకముగా ఉండవలెను. ఆ వ్రాత యెట్లుండవలెనో చెప్పు నియమావళియే ఈ వ్యాసమునకు ముఖ్య విషయము.

నేల లెక్క

1800 లో దత్తమండలములు కుంపిణీ వశమైన పిదప, 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో ఈ ప్రాంతమున పొలము పొలమును కొలిపించెను. ఏది మాగాణి, ఏది మెట్ట, ఏది బంజరు, ఏది పోరంబోకు అని వ్రాతలోనికి వచ్చిన తరువాతనే రైతువారీ శిస్తు నిర్ణయమునకు ఆధారమేర్పడినది. ఈనాటికిని అడంగలు చూడక నేల విషయము మాటలాడువారు లేరు.

కంప్యూటరు మెమరీయు ఒక విశాలమైన నేల వంటిది. 8 జీబీ మెమరీ యనగా 850 కోట్లకు పైబడిన గళ్ళు. ప్రతి గడికిని సర్వే నంబరు వలె నొక సంఖ్య యుండును. ఫర్మ్‌వేర్ కెర్నెలునకు ముందుగా అప్పగింపవలసినది ఈ నేల యొక్క అడంగలు. పాత బయోస్ పద్ధతిలో ఆ జాబితాను కోరు పిలుపునకు ఈ-820 అని సంఖ్యానామము. దానినిబట్టి జాబితాకు కూడ ఆ పేరే నిలిచినది. అందు ప్రతి పంక్తిలోను మూడు సంగతులుండును: ఎచ్చట మొదలు, ఎంత విస్తీర్ణము, ఏ తరగతి.

తరగతులను మన మాటలలో చెప్పుదము. 1 వ తరగతి సాగుభూమి. కెర్నెల్ యథేచ్ఛగా వాడుకొనవచ్చును. 2 వ తరగతి పోరంబోకు. అచ్చట పరికరముల ద్వారములో, ఫర్మ్‌వేర్ తనకై యుంచుకొన్న భాగములో యుండును గనుక కెర్నెల్ దున్నరాదు. 3 వ తరగతి చెరువు లోపలి నేల వంటిది. నీరున్నంతవరకు ముట్టరాదు, నీరు ఇంకిన పిదప పైరు పెట్టుకొనవచ్చును. అనగా అచ్చట ఫర్మ్‌వేర్ వ్రాసిన పట్టికలుండును. వానిని చదివి ముగించిన పిదప ఆ చోటును కెర్నెల్ కలుపుకొనవచ్చును. 4 వ తరగతిని యంత్రము నిద్రించి లేచునపుడు కూడ చెదరకుండ కాపాడవలెను. 5 వ తరగతి చెడిన నేల. అచ్చట ఏమియు నిలువదు.

1981 నాటి యంత్రములో 640 కిలోబైట్లకు పైనున్న కొంత భాగము తెరకును ఫర్మ్‌వేరునకును విడిచిపెట్టబడినది. నేడు మెమరీ వేలరెట్లు పెరిగినను, ఆ హద్దు ఈనాటి జాబితాలలో సైతము కనబడుచున్నది. కట్ట తెగి నూరేండ్లయినను సర్వేలో అది చెరువు పోరంబోకుగానే నిలిచియుండుటను మన సభ్యులు చూచియుందురు. పాత హద్దునకు కారణము వ్రాసియున్నచో క్రొత్తవాడు దానిని మన్నించును. కారణము వ్రాసియుండనిచో పొరపాటున దున్ని నష్టపడును. కెర్నెల్ పోరంబోకులో అడుగిడినచో యంత్రము ఉన్నట్లుండి నిలిచిపోవును.

సామాను జాబితా

నేల లెక్క ముగిసిన పిదప సామాను లెక్క. కార్యాలయమున ఎన్ని బీరువాలు, ఎన్ని కుర్చీలు, ఏ తాళము ఏ గదిది యని వ్రాసియిచ్చు జాబితా వంటిది ఏ.సి.పి.ఐ. పట్టికల సముదాయము. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు 1996 లో దీనిని వెలువరించినవి. 2013 లో దీని బాధ్యత యూ.ఈ.ఎఫ్.ఐ. సంఘమునకు సంక్రమించినది. ప్రాసెసర్లు ఎన్ని, పరికరము పిలిచినపుడు ఆ పిలుపు ఏ దారిన రావలెను, యంత్రమును నిద్రింపజేయుట యెట్లు, ఆర్పుట యెట్లు అను సంగతులు ఇందుండును.

ఈ పట్టికలలో సభ్యులు మెచ్చుకొనదగిన యొక జాగ్రత్త గలదు. ప్రతి పట్టికలోను సరిచూచు నిమిత్తము ఒక అంకె చేర్చబడును. పట్టికలోని బైట్లనన్నిటిని కూడి, 256 చొప్పున తీసివేయగా శేషము సున్న రావలెను. రానిచో ఆ పట్టిక చెడినదని కెర్నెల్ గ్రహించును. నగదు పుస్తకము అడుగున మొత్తము తాళెపడనిచో పద్దును ఒప్పుకొనని లెక్కల తనిఖీదారు పద్ధతియే ఇది.

చిన్న యంత్రములకు వేరొక పద్ధతి గలదు. దానిని డివైస్ ట్రీ, అనగా పరికరముల వంశవృక్షము అందురు. పెద్ద కంప్యూటర్లలో ఓపెన్ ఫర్మ్‌వేర్ అను పేర 1994 లో ప్రమాణమైన పద్ధతినుండి ఇది పుట్టినది. మూలమున యంత్రము, దాని క్రింద ప్రాసెసరు, మెమరీ, పరికరములు కొమ్మలుగా వ్రాయబడును. ప్రతి కొమ్మ వద్దను ఇది ఏ జాతి పరికరము, దీని సర్వే నంబరెంత అను వివరముండును. పంచాయతీ సభ్యుల చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులలో నడచునది లినక్సు కెర్నెలే. అచ్చట ఈ వృక్షమే అప్పగింత పత్రము. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసరుపై ఈ పత్రము 2 మెగాబైట్లు మించరాదనియు, అది యున్న చోటు సంఖ్యను ప్రాసెసరులోని ఎక్స్-0 అను గదిలో ఉంచి మరీ కెర్నెలును పిలువవలెననియు లినక్సు నియమావళిలో స్పష్టముగా వ్రాయబడినది. క్రొత్త అధికారి వచ్చుసరికి తాళపుచెవుల గుత్తి ఏ మేకునకు వ్రేలాడుచుండవలెనో కూడ వ్రాసి పెట్టినట్లన్నమాట.

సంతకము

లెక్కలన్నియు ఇచ్చిన మాత్రమున అప్పగింత పూర్తి కాదు. సంతకము కావలెను. యూ.ఈ.ఎఫ్.ఐ. పద్ధతిలో దీనికొక చక్కని నియమము గలదు. కెర్నెల్ పక్షమున నేల లెక్కను అడిగినపుడు, దానితోపాటు ఆ లెక్కకు చెందిన యొక గుర్తు సంఖ్య కూడ ఈయబడును. ‘ఇక నీ సేవ చాలును, అధికారము నాది’ అని ఫర్మ్‌వేరునకు తెలుపునపుడు ఆ గుర్తు సంఖ్యను చూపవలెను. ఈ నడుమ నేల లెక్కలో అణుమాత్రము మార్పు జరిగియున్నను ఆ గుర్తు చెల్లదు. ఫర్మ్‌వేర్ నిరాకరించును. క్రొత్త లెక్క తీసికొని మరల రావలెను. నిన్నటి జాబితాపై నేడు సంతకము చేయించుకొనరాదని దీని భావము. చార్జి పుచ్చుకొను దినమున బీరువా తెరచి చూడక, పాత జాబితాపై సంతకము చేసి పిదప చిక్కులలో పడిన కార్యదర్శుల సంగతి మన సభ్యులకు క్రొత్త కాదు.

సంతకమైన పిదప ఫర్మ్‌వేర్ చాలవరకు తప్పుకొనును. కొన్ని సేవలు మాత్రము మిగులును. గడియారపు వేళను చెప్పుట, కొన్ని గుర్తులను భద్రపరచుట, యంత్రమును మరల ప్రారంభించుట అందు ముఖ్యమైనవి.

వ్రాత యేల?

ఈ యేర్పాట్లు మొదటినుండి ఇంత వివరముగా లేవు. 1991 లో లినస్ టోర్వాల్డ్స్ లినక్సును ప్రారంభించిన తొలినాళ్ళలో బూట్ లోడరునకును కెర్నెలునకును నడుమ స్థిరమైన వ్రాతపూర్వక ఒడంబడిక లేదు. 1.3.73 అను కెర్నెలుతో ఆ ఒడంబడికకు 2.00 అను సంఖ్య యేర్పడి క్రమబద్ధమైన రూపము వచ్చినది. హెచ్. పీటర్ ఆన్విన్ దానిని వ్రాతలో పెట్టెను. ఆ పత్రము నేటికిని కెర్నెలుతోపాటు ఉచితముగా లభించును. ఒడంబడికలో మార్పు వచ్చినపుడెల్ల సంఖ్య పెరిగినది. 5.5 కెర్నెల్ నాటికి అది 2.15 అయినది.

ఆ పత్రములోని పద్ధతి మన దరఖాస్తు ఫారములను తలపించును. కెర్నెల్ తన శిరోభాగమున నాలుగక్షరముల ముద్రయు, ఒడంబడిక సంఖ్యయు ధరించియుండును. పిదప గడుల వరుస. ప్రతి గడికి ఎదుట, ఇది లోడరు చదువవలసినదా, నింపవలసినదా, చదివి మార్చవలసినదా అని వ్రాయబడియుండును. ఏ గడి ఏ సంఖ్యగల ఒడంబడికనుండి వాడుకకు వచ్చినదో కూడ సూచింపబడును. అందుచేత పాత లోడరు క్రొత్త కెర్నెలును, క్రొత్త లోడరు పాత కెర్నెలును గుర్తింపగలుగుచున్నవి.

వ్రాత లేనిచోట ఏమి జరుగునో తెలుపు ఉదాహరణములు గలవు. 2013 లో ఒక సంస్థవారి లాప్‌టాప్‌లు కొన్ని, వానిపై లినక్సు నడపిన పిదప మరల మేల్కొనక పోయినవి. ఫర్మ్‌వేర్ తన గుర్తులను దాచుకొను చిన్న కొట్టు సగమునకు మించి నిండినచో ఆ యంత్రములు లేవవని పరిశోధనలో తేలినది. ఆ హద్దును ఎవరును చెప్పియుండలేదు. కెర్నెల్ వారు అనుభవముచే నేర్చి, ఆ కొట్టు నిండకుండ కట్టుబాటు చేసిరి. 2016 లో, ఫైళ్ళను తుడిచివేయు ఒక్క ఆజ్ఞతో ఆ గుర్తులు కూడ తుడిచిపెట్టుకొనిపోయి యంత్రములు మూగవోవచ్చునని బయటపడగా, వానిని సులభముగా చెరపుటకు వీలులేకుండ మరియొక తాళము వేసిరి. పోరంబోకునకు హద్దురాయి నాటక, పిదప అందు దున్నినవానిని నిందించుట తగదు గదా.

మరియొక ఉదాహరణము. ఫర్మ్‌వేర్ కెర్నెలును ‘నీవెవరవు?’ అని యడుగు పద్ధతి ఏ.సి.పి.ఐ. యందు గలదు. విండోస్ అనిన నొక విధముగను, లినక్సు అనిన వేరొక విధముగను నడచుకొను ఫర్మ్‌వేర్లు బయలుదేరినవి. లినక్సు కాలక్రమమున మారుచుండును గనుక, ఒకనాటి లినక్సు నుద్దేశించి వ్రాసిన ఏర్పాటు మరునాటి లినక్సునకు పొసగక చిక్కులు పుట్టినవి. కడకు లినక్సు కెర్నెల్ తన పేరు చెప్పుట మానివేసి, విండోస్ పేర్లకు ఔనని తలయూపు స్థితి వచ్చినది. ఈ కథయంతయు కెర్నెల్ పత్రములలో దాపరికము లేక వ్రాయబడినది. ఫర్మ్‌వేర్ వ్రాయువారికి అందొక హితవు గలదు: వచ్చినది ఎవరని అడుగవలదు, ఏమి చేయగలదో అడుగుడు. ఈ హితవు యంత్రములకే కాక మన కార్యాలయములకు కూడ వర్తించునని మేము తలచుచున్నాము.

పంచాయతీకి ప్రయోజనము

ఇంతవరకు చెప్పినది నిపుణుల వ్యవహారమని సభ్యులు తలంపవచ్చును. కాని దీనినుండి మన కార్యాలయమునకు నేరుగా సంబంధించిన నాలుగు సంగతులు తేలుచున్నవి.

మొదటిది గడియారము. యంత్రము ఆరియున్నప్పుడు కూడ వేళ నడచుటకై ముఖ్య ఫలకముపై నాణెమంత బ్యాటరీ యొకటి యుండును. అది సాధారణముగా 3 వోల్టులది. కొన్ని యేండ్లకు అది క్షీణించును. అపుడు మేల్కొన్న కెర్నెలునకు తప్పు తేదీ అప్పగింపబడును. ప్రభుత్వ వేదికలు, బ్యాంకు వేదికలు తమ గుర్తింపు పత్రములకు ఫలానా తేదీనుండి ఫలానా తేదీవరకు చెల్లుబాటని గడువుంచును. యంత్రము తాను పదేండ్ల వెనుక నున్నానని తలచినచో ఆ పత్రము చెల్లదని తలుపు మూయును. ఒక పంచాయతీలో చెల్లింపునకు గడువు దినమున వేదిక తెరచుకొనలేదనుకొనుడు. ఇంటర్నెట్టు లేదని తంతులను తడవి, మండల కేంద్రమునకు మనిషిని పంపి, దినమంతయు వ్యర్థపుచ్చుటకు ముందు, తెర మూలనున్న తేదీని చూచుట మేలు. కొద్దిపాటి వెలగల బ్యాటరీ మార్చిన తీరిపోవు చిక్కు అది కావచ్చును.

రెండవది ముద్ర. ఫర్మ్‌వేర్ తాను మేల్కొలుపు లోడరుపై అంగీకృతమైన సంతకమున్నదా యని పరీక్షించు పద్ధతిని సెక్యూర్ బూట్ అందురు. దొంగ కెర్నెల్ అధికారము చేపట్టకుండుటకై ఇది యేర్పడినది. ఆ సంతకములను సరిచూచు ముద్రలలో పెక్కు యంత్రములయందున్నవి మైక్రోసాఫ్ట్ సంస్థ 2011 లో జారీ చేసినవి. వానిలో కొన్నిటికి 2026 జూనులోను, మరియొకదానికి 2026 అక్టోబరులోను గడువు ముగియునట్లు నిర్ణయమై, వాని స్థానమున 2023 నాటి ముద్రలు వచ్చినవి. గడువు ముగిసిన మాత్రమున యంత్రము ఆగిపోదు. కాని క్రొత్త ముద్ర చేరని యంత్రమునకు, మేల్కొనుటకు సంబంధించిన రక్షణ సవరణలు ముందుకు అందవు. కనుక కార్యాలయపు యంత్రములకు ఆ మార్పు జరిగినదా లేదా యని సరఫరాదారును వ్రాతమూలకముగా అడుగుట పంచాయతీ బాధ్యత. ప్రసంగవశమున నొకమాట: ఆ సంస్థకు 2014 లో ప్రధాన నిర్వాహకుడైన సత్య నాదెళ్ల కుటుంబపు స్వగ్రామము ఈ సీమలోని యెల్లనూరు మండలమందలి బుక్కాపురమే. ఆయన తండ్రి బి.ఎన్. యుగంధర్ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేసినవారు.

మూడవది తాళపుచెవి. డిస్కులోని పత్రములను రహస్యలిపిలో దాచు ఏర్పాటు కొన్ని యంత్రములలో గలదు. ఫర్మ్‌వేర్ మారినపుడో, దాని యమరికలు మారినపుడో, యంత్రము అనుమానించి 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను విండోస్‌లో అడుగవచ్చును. ఆ సంఖ్య లేనిచో పత్రములన్నియు తాళము వేసిన బీరువాలో చిక్కినట్లే. ఆ సంఖ్య యొక్క ఉద్యోగి సొంత ఫోనులో నుండి, ఆయన బదిలీయై వెళ్ళినచో పంచాయతీ గతి ఏమి? 1984 లో కరణముల పదవులు రద్దయినపుడు కవిలెలు సక్రమముగా చేతులు మారని గ్రామములు ఎట్టి చిక్కులు పడినవో పెద్దలెరుగుదురు.

నాలుగవది పొదుపు. విండోస్ 10 నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14 న ముగిసినది. విండోస్ 11 నకు సెక్యూర్ బూట్ చేయగల ఫర్మ్‌వేరును, టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పును కావలెను. అవి లేని పాత యంత్రములు పనికిమాలినవని వెంటనే తూకమునకు వేయనక్కరలేదు. పాత బయోస్‌తో మాటలాడు ఒడంబడిక వ్రాతలో నిలిచియున్నందున, అట్టి యంత్రములలో పెక్కింటిపై లినక్సు నడచును. గ్రంథాలయమునకో, పాఠశాలకో అవి మరికొన్ని యేండ్లు ఉపకరింపవచ్చును. కరవు సీమలో ఒక యంత్రము ఆయువును పొడిగించుట చిన్న పొదుపు కాదు.

యంత్రపు పుస్తకము

కావున ప్రతి పంచాయతీయు ఒక చిన్న నోటు పుస్తకమును ‘యంత్రపు పుస్తకము’ అని పేరిడి ఉంచవలెనని మేము విన్నవించుచున్నాము. అందు ప్రతి కంప్యూటరునకు ఒక పుట కేటాయించి ఈ సంగతులు వ్రాయవలెను: తయారీ సంస్థ, నమూనా సంఖ్య, కొన్న తేదీ, ఫర్మ్‌వేర్ సంచిక సంఖ్యయు దాని తేదీయు, మేల్కొను పద్ధతి బయోసా యూ.ఈ.ఎఫ్.ఐ.యా, సెక్యూర్ బూట్ తెరచియున్నదా మూసియున్నదా, బ్యాటరీ మార్చిన తేదీ. విండోస్‌లో ఎం.ఎస్. ఇన్ఫో 32 అను ఆజ్ఞతో ఈ వివరములలో పెక్కు ఒక్క తెరపై కనబడును. లినక్సులో డి-మెసేజి అను ఆజ్ఞ యిచ్చినచో, ఆ యుదయము ఫర్మ్‌వేర్ అప్పగించిన నేల లెక్క పంక్తి పంక్తిగా అగపడును. ఉత్సాహముగల యువకులు దానిని చూచి, పైన చెప్పిన తరగతులను తామే గుర్తింపవచ్చును.

ఫర్మ్‌వేర్ రహస్యపదమును, పునరుద్ధరణ సంఖ్యను మాత్రము ఆ పుస్తకమున బాహాటముగా వ్రాయరాదు. వానిని కవరులో పెట్టి, అంటించి, అడ్డముగా సంతకములు చేసి, పంచాయతీ బీరువాలో భద్రపరుపవలెను. కార్యదర్శి మారినపుడు చార్జి జాబితాలో ఆ కవరును కూడ చేర్చవలెను.

ఫర్మ్‌వేరును నవీకరించునపుడు విద్యుత్తు పోయినచో చిప్పులోని వ్రాత సగములో ఆగి యంత్రము లేవకపోవచ్చును. కనుక ఆ పనిని యూ.పి.ఎస్. నిండియున్నప్పుడే, కోతలు లేని వేళలోనే చేయింపవలెను. యంత్రము మేల్కొనక నిలిచినచో మీటను పదేపదే నొక్కక, తెరపైనున్న వాక్యమును ఫోనుతో ఛాయాచిత్రము తీసి, వేళతో సహా పుస్తకమున వ్రాయవలెను. ఎక్కడ నిలిచినదో తెలిసినచో అది ఫర్మ్‌వేర్ లోపమా, కెర్నెల్ లోపమా, అప్పగింతలో లోపమా యని బాగుచేయువాడు తెలిసికొనగలడు. క్రొత్త యంత్రము కొనునపుడు, ఫర్మ్‌వేర్ సవరణలు ఎన్ని యేండ్లు ఇచ్చెదరో, వివరణ పత్రములు ఎచ్చట లభించునో వ్రాసియిమ్మని షరతు పెట్టవలెను.

తెలుగులో ఈ వ్రాత

లినక్సు కెర్నెల్ పత్రములలో చైనా, జపాను, కొరియా, ఇటలీ, స్పెయిను భాషల యనువాదములకు స్థానమేర్పడినది. ఆ వరుసలో తెలుగు చేరవలసియున్నది. అనంతపురపు సాంకేతిక విశ్వవిద్యాలయమునను, పాలిటెక్నిక్కులందును చదువు మన పిల్లలు, సెలవులలో తమ గ్రామపు యంత్రపు పుస్తకమును నింపుటతో మొదలిడి, ఆ పత్రములలో ఒక్కొక్క పుటను తెలుగు చేయ బూనుకొన్నచో అది వారి విద్యకును మెరుగు, గ్రామమునకును మేలు. అడంగలు, పోరంబోకు, చార్జి, తాళము అను మాటలు ఈ విషయమును చెప్పుటకు చాలునని ఈ వ్యాసమే సాక్ష్యము.

పదవిలోనికి వచ్చినవారు ఒకనాడు దిగిపోవుదురు. యంత్రములును పాతబడును. వచ్చువానికి పోవువాడు వ్రాసి యిచ్చిన కాగితము మాత్రము పనిని నడపించును. ఆ కాగితము నేడే వ్రాయ మొదలిడవలెనని పంచాయతీ సభ్యులను మేము కోరుచున్నాము. రాబోవు పంచాయతీ సమావేశపు కార్యక్రమములో ‘యంత్రపు పుస్తకము’ అను ఒక్క పంక్తిని చేర్చి, దానిని వ్రాయు బాధ్యతను ఒకరికి అప్పగించినచో పని ప్రారంభమైనట్లే.